కిటికీలోంచి వచ్చే పానా

ఆ పానా తిరగడం లేదని గమనించడానికి నాకు నాలుగైదేళ్ళు పట్టింది. జూలై సాయంత్రాల్లో ఫ్రాన్స్ సైకిలు పందెం టూర్ డి ఫ్రాన్స్‌ను టీవీలో చూడడం మొదలుపెట్టిన కొత్తలో, జట్టు కారు వెనక కిటికీలోంచి మెకానిక్కు నడుము దాకా బయటికి వంగి, పక్కనే పోతున్న సైకిలు సీటు కింద ఏదో బిగిస్తూ కనిపిస్తే, ఆగకుండా అంత సున్నితమైన పని చేయగలుగుతున్న ఆ పనితనానికి ముచ్చటపడేవాణ్ణి. తర్వాత ఎప్పుడో ఒక కొండ దారిలో అదే దృశ్యం వచ్చినప్పుడు, ఎందుకో మెకానిక్కు చేతిని కాక సైక్లిస్టు కాళ్ళను చూశాను. కాళ్ళు తొక్కడం లేదు. దారి ఎగువకు పోతోంది. సైకిలు మాత్రం కారుతో సమానంగా ముందుకు సాగుతూనే ఉంది. పానా ఉన్న చెయ్యి కదలడం లేదు, రెండో చెయ్యి సీటు గొట్టాన్ని గట్టిగా పట్టుకుని ఉంది. అన్నాళ్ళూ నేను పనితనం అనుకున్నది చేతివాటం.

ఇంగ్లీషు వ్యాఖ్యాతలు దీన్ని నవ్వుతూ 'మ్యాజిక్ స్పానర్' అంటారు. మన మాటల్లో మాయపానా అనుకోవచ్చు. దీనికి తోబుట్టువు లాంటిది 'స్టికీ బాటిల్': జట్టు డైరెక్టరు కారు కిటికీలోంచి నీళ్ళ సీసా అందిస్తాడు, అందుకున్నవాడు పట్టుకుంటాడు, ఇచ్చినవాడు వదలడు, ఆ సీసా ఇద్దరి చేతులకూ జిగురులా అంటుకుని ఉన్నంతసేపూ కారు సైకిలును లాగుతూ ఉంటుంది. ఇందులో నాకు తెలియని రహస్యమేమీ లేదు. మా ఊరి నుంచి ఉన్నత పాఠశాలకు సైకిళ్ళమీద వెళ్ళే రోజుల్లో, ఎదురుగాలికి తొక్కలేక, చెరకు ట్రాక్టరు దొరికితే ట్రాలీ వెనక తలుపు పట్టుకుని, డ్రైవరు వెనక్కి తిరిగి తిట్టేదాకా వదిలేవాళ్ళం కాదు. అది తప్పని మాకూ తెలుసు, డ్రైవరుకూ తెలుసు. దానికి మరమ్మతు అని పేరు పెట్టాలన్న ఆలోచన మాత్రం మాలో ఎవరికీ రాలేదు.

నా అభ్యంతరం కూడా ఆ పేరుమీదే. వృత్తి సైక్లింగులో పందెం మధ్య సైకిలు చెడిపోవడం సహజం, దాన్ని బాగుచేసే మనిషి వెనక కారులో ఉండడం న్యాయం. అయితే నడుస్తున్న కారులోంచి జరిగే సర్దుబాటు నూటికి తొంభై పాళ్ళు మరమ్మతు కాదని అందరికీ తెలిసి కూడా, చేతిలో పనిముట్టు ఉన్నంతవరకు దాన్ని మరమ్మతుగానే లెక్కగట్టే ఆచారం మొదట నిజమైన మరమ్మతుకూ, తర్వాత నిజాయితీగా తొక్కేవాడికీ చేటు చేస్తోందని నా వాదన.

ముందు ఈ కార్ల సంగతి కొంత చెప్పాలి, ఎందుకంటే టీవీలో సైక్లిస్టులే కనిపిస్తారు గాని, వాళ్ళ వెనక మరో ఊరేగింపు నడుస్తూ ఉంటుంది. 2024 టూర్‌లో 22 జట్లు, జట్టుకు 8 మంది చొప్పున 176 మంది బరిలోకి దిగారు. ప్రధాన గుంపు వెనక న్యాయనిర్ణేతల కారు, డాక్టరు కారు, ఆ తర్వాత వరుసగా జట్ల కార్లు నడుస్తాయి. రోజుల తరబడి సాగే పోటీల్లో ఆ వరుస మొత్తం పట్టికను బట్టి ఉంటుంది, అంటే పట్టికలో మొదటివాడు వేసుకునే పసుపు జెర్సీ ఉన్న జట్టు కారు ముందు, పట్టికలో ఎవరూ పైన లేని జట్టు కారు తోక దగ్గర. ముందు సీట్లో డైరెక్టరు ఒక చేత్తో స్టీరింగు, మరో చేత్తో రేడియో పట్టుకుని ఉంటాడు. వెనక సీట్లో మెకానిక్కు ఒడిలో చక్రాలు పెట్టుకుని, తలుపు గడిమీద చెయ్యి వేసి కూర్చుంటాడు. కారు పైకప్పుమీద వరుసగా నిలబెట్టిన సైకిళ్ళలో నాయకుడి సైకిలు ఎప్పుడూ అంచునే ఉంటుంది, దిగినవాడు చెయ్యి చాచగానే అందాలి కాబట్టి. పంక్చరు పడితే సైక్లిస్టు చెయ్యి ఎత్తుతాడు, రేడియోలో జట్టు పేరు వినిపిస్తుంది, కారు మిగతావాటిని దాటుకుంటూ ముందుకు వస్తుంది, మెకానిక్కు కారు పూర్తిగా ఆగకముందే దూకి పరుగెత్తి చక్రం మార్చి, సైక్లిస్టు నడుముమీద చెయ్యి వేసి పదడుగులు తోసి వదిలిపెడతాడు. నాకు ఈ ఆటలో అన్నిటికంటే ఇష్టమైన దృశ్యాల్లో అది ఒకటి. కడుపులో చల్ల కదలకుండా కిటికీలోంచి వంగేవాడికీ, ఇలా రోడ్డుమీద పరుగెత్తేవాడికీ ఒకే మెకానిక్కు అనే పేరు ఉండడం నాకు కొంచెం కష్టంగానే ఉంటుంది.

నియమం విషయంలో సందిగ్ధం ఏమీ లేదు. స్విట్జర్లాండులోని ఎగిల్ పట్టణంలో ఉన్న అంతర్జాతీయ సైక్లింగు సమాఖ్య నిబంధనావళిలో, పోటీలో ఎవరు ఏ స్థానంలో ఉన్నా యాంత్రిక సహాయం పొందాలన్నా, బ్రేకుల వంటివాటిని సరిచూపించుకోవాలన్నా, తాను ఉన్న గుంపు వెనక్కి వచ్చి, ఆగి మాత్రమే పొందాలని స్పష్టంగా ఉంది. నడుస్తున్న వాహనంలోంచి చైనుకు నూనె వేయడాన్ని కూడా ప్రత్యేకంగా పేరు పెట్టి నిషేధించారు. చైనుకు రెండు చుక్కల నూనె వేయడాన్ని కూడా గుర్తుపెట్టుకుని కాదన్న నిబంధనావళి, సీటు గొట్టం పట్టుకుని లాగడాన్ని ఒప్పుకుంటుందని ఎవరూ అనుకోలేరు. ఒప్పుకున్నది నియమం కాదు, ఆచారం. గాయపడినవాడికి డాక్టరు చేసే చికిత్స విషయంలో కూడా, ఎక్కువసేపు పట్టేదైతే గాని, ఎక్కుడు దారిలోనైతే గాని, కారు ఆపి చేయాలనే నిబంధన ఉంది. మోకాలు చీరుకుపోయినవాడికి వర్తించే పద్ధతి, గేరు గరగరలాడుతోందని చెప్పుకునేవాడికి వర్తించకపోవడం విడ్డూరం.

కదులుతూ ఉండగా చేయగలిగిన నిజమైన సర్దుబాటు అసలు లేనే లేదని నేను అనడం లేదు. పాతకాలపు తీగ గేర్లలో, చైనును ఒక పళ్ళచక్రం మీద నుంచి మరోదాని మీదికి జరిపే డీరైలర్ దగ్గర ఉండే చిన్న పిడిని పావు మలుపు తిప్పితే చైను సరిగ్గా కూర్చునేది. రిమ్మును రెండు వైపుల నుంచీ పట్టుకునే బ్రేకు చక్రం మార్చిన తర్వాత ఒక పక్కకు ఒరిగి రాసుకుంటుంటే, దాన్ని వేళ్ళతో నొక్కి మధ్యకు తేవడం కష్టమేమీ కాదు. సీటు విషయంలో బెల్జియం సైక్లిస్టు ఎడ్డీ మెర్క్స్ ఉదాహరణ అందరికీ తెలిసిందే. 1969లో బ్లువా పట్టణంలో ట్రాకు పందెంలో పడి, ముందున్న మోటారు బండి నడిపే ఫెర్నాండ్ వామ్‌స్ట్ మరణించిన ఆ ప్రమాదం తర్వాత, మెర్క్స్‌కు నడుము నొప్పి పూర్తిగా ఎప్పుడూ తగ్గలేదు. నొప్పి తగ్గే ఎత్తు కోసం వెతుక్కుంటూ అతడు జెర్సీ జేబులో చిన్న పానా పెట్టుకుని, పందెం మధ్యలో సైతం సీటును మిల్లీమీటర్ల లెక్కన పైకీ కిందికీ జరుపుకునేవాడు. మెర్క్స్ సర్దుబాటు నిజమైనదే, ఎందుకంటే దానివల్ల అతడికి వేగం తగ్గిందే గాని పెరగలేదు. మరమ్మతుకూ మాయపానాకూ తేడా పట్టడానికి నాకు తెలిసిన గీటురాయి ఇదే: నిజంగా ఏదైనా బాగుచేసేటప్పుడు సైకిలు నెమ్మదిస్తుంది.

ఆ కాస్త నెపాన్ని కూడా గత పదిహేనేళ్ళ సాంకేతికత తుడిచిపెట్టింది. 2009లో షిమానో, 2015లో స్రామ్ తెచ్చిన ఎలక్ట్రానిక్ గేర్లలో డీరైలర్‌ను లాగే తీగ లేదు, అది సాగడం లేదు. చైను కూర్చునే చోటు కొంచెం తప్పినా, సైక్లిస్టు తానే హ్యాండిలు మీద మీటలు నొక్కి డీరైలర్‌ను సన్నగా జరుపుకోగలడు. సైకిలు పడినప్పుడు డీరైలర్ తనను తాను కాపాడుకోవడానికి పని ఆపేస్తే, దాన్ని తిరిగి లేపే ఏర్పాటు కూడా ఒక బొత్తామే. 2018 నుంచి రోడ్డు పోటీల్లో డిస్కు బ్రేకులకు పూర్తి అనుమతి వచ్చింది. డిస్కు ప్యాడుకు రాసుకుంటుంటే కిటికీలోంచి చెయ్యి చాచి చేయగలిగింది ఏమీ లేదు, తిరుగుతున్న డిస్కు దగ్గరికి వేలు పోతే మిగలదు కూడా. డిస్కు బ్రేకులు వచ్చాక చక్రం మార్చడం కూడా జాగైపోయి, సైకిలు మొత్తాన్నే మార్చడం మామూలైంది. అంటే సర్దడానికి వీలున్న భాగాలు ఒక్కొక్కటే మాయమవుతున్నా, సర్దే చెయ్యి మాత్రం కిటికీలోంచి అంతే శ్రద్ధగా బయటికి వస్తూనే ఉంది. మెకానిక్కుకు చేయడానికి పని తగ్గినకొద్దీ ఆ పని మరీ ఎక్కుడు దారుల్లోనే ఎందుకు అవసరం పడుతోందో అడగాలి.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పుకోవాలి, దీన్ని మహా పోటీలతో పోల్చడం నా ఉద్దేశం కాదు. కొన్నేళ్ళ కిందట హైదరాబాదు నుంచి వరంగల్ దారిలో 200 కిలోమీటర్ల బ్రెవే తొక్కాను. బ్రెవే పందెం కాదు, 13 గంటల 30 నిమిషాల్లో ముగించాలి, అంతే. కాని ఒక నియమం ఉంది: నిర్ణీత కేంద్రాల దగ్గర తప్ప దారిలో వెంట వచ్చే వాహనం నుంచి ఏ సహాయమూ తీసుకోకూడదు. జనగామ దాటాక నా వెనక గేరు తీగ తెగింది. తీగ తెగితే స్ప్రింగు లాగేసి చైను అన్నిటికంటే చిన్న పళ్ళచక్రం మీదికి పడిపోతుంది, ఆ గేరులో ఎదురుగాలికి తొక్కడం నా వయసులో జరిగే పని కాదు. రోడ్డు పక్క కానుగ చెట్టు కొమ్మకు సీటు తగిలించి, ఒక చేత్తో పెడలు తిప్పుతూ, రెండో చేత్తో డీరైలర్ హద్దు మరను కొద్దికొద్దిగా బిగిస్తూ, చైనును మూడో పళ్ళచక్రం మీద నిలబెట్టడానికి నాకు 25 నిమిషాలు పట్టింది. వృత్తి మెకానిక్కు అయితే రెండు నిమిషాల్లో చేసేవాడు, సందేహం లేదు. అయినా అతడికి కూడా చక్రం నేల మీద నుంచి లేవాలి, పెడలు తిరగాలి, కన్ను పళ్ళచక్రానికి సూటిగా ఉండాలి. ఈ మూడూ నడిచే కారు కిటికీలోంచి కుదరవని, చేతులకు గ్రీజు అంటించుకున్న ఎవరికైనా తెలుసు.

కొన్ని సెకన్ల పాటు పట్టుకుంటే ఒరిగేదేముందని అడిగేవారు ఉన్నారు, కాబట్టి చిన్న లెక్క వేద్దాం. మనిషి 70 కిలోలు, సైకిలు 7 కిలోలు అనుకుందాం (నియమం ప్రకారం సైకిలు 6.8 కిలోలకు తగ్గకూడదు). 7 శాతం వాలున్న ఎక్కుడులో గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోవాలంటే, గాలినీ టైర్ల రాపిడినీ పక్కన పెట్టి, భూమ్యాకర్షణ ఒక్కదాన్ని ఎదిరించడానికే దాదాపు 290 వాట్లు కావాలి. 20 సెకన్లు సీటు గొట్టం మెకానిక్కు చేతిలో ఉంటే, సైకిలు దాదాపు 110 మీటర్ల దారి దాటి, దాదాపు 8 మీటర్ల ఎత్తు ఎక్కి ఉంటుంది, ఆ పని అంతా చేసింది పెట్రోలు. ఇందులో దక్కే 110 మీటర్లు పెద్ద విషయం కాదు. తన హద్దు దగ్గర ఊపిరి అందక తొక్కుతున్నవాడికి, పక్కనున్నవాడు అదే కొండమీద తొక్కుతుండగా, తనకు మాత్రం 20 సెకన్లు కాళ్ళు వదిలేసే వీలు దొరకడమే పెద్ద విషయం. గుంపు నుంచి తెగిపోవడానికీ, అంటిపెట్టుకుని ఉండడానికీ మధ్య చాలాసార్లు ఉండే తేడా అంతే. సమతలంలోనూ ఇంతే: గంటకు 40 నుంచి 50 కిలోమీటర్లకు వేగం పెంచడానికి కావలసిన శక్తి, 300 వాట్లతో తొక్కేవాడికి తొమ్మిది సెకన్ల కష్టం. దాన్ని ఒక చెయ్యి విసురుతో ఇచ్చేయవచ్చు.

పానా లేకుండా ఇదే పని చేసినవారికి ఏమైందో చూస్తే ఆచారంలోని డొల్లతనం బయటపడుతుంది. 2015 ఆగస్టులో స్పెయిన్ పోటీ వుయెల్టా రెండో రోజున, గుంపులో జరిగిన పతనం వల్ల వెనకబడిన విన్చెంజో నిబాలి, తోటివారితో కలిసి తరుముకొస్తూ, తన జట్టు కారు పక్కకు రాగానే దాన్ని పట్టుకుని, చూస్తూ ఉండగానే మిగతావారిని వదిలి దూసుకుపోయాడు. హెలికాప్టరు కెమెరా అంతా చూపించింది. అంతకు ముందు ఏడాదే టూర్ గెలిచిన మనిషిని, ఆ కారులోని డైరెక్టరుతో సహా ఇంటికి పంపారు. 2017 మార్చిలో పారిస్-నీస్ పోటీ మొదటి రోజున రొమాన్ బార్దెకూ అదే గతి పట్టింది, అతడు కూడా కిందపడి లేచి, తిరిగి అందుకునే తొందరలో జట్టు కారును పట్టుకున్నాడు. ఇద్దరికీ పడిన శిక్ష సరైనదేనని నా అభిప్రాయం. అయితే వారిద్దరి పక్కన మెకానిక్కు ఒకడు పానా పట్టుకుని వంగి ఉంటే, ఆ లాగుడు కొంచెం నెమ్మదిగా, కొంచెం మర్యాదగా జరిగి ఉంటే, అదే సాయంత్రం వాళ్ళు యథావిధిగా భోజనానికి కూర్చునేవారు కారా? చేతిలో పానా ఉంటే మరమ్మతు, లేకపోతే మోసం అన్నట్టుంది వ్యవహారం.

నిబాలిని ఇంటికి పంపిన ఏడాదే, అంటే 2015 మే నెలలో, ఇటలీ పోటీ జీరో డిటాలియాలో జరిగిన సంగతి నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. పదో రోజు ఫోర్లీ పట్టణానికి ఇంకా కొద్ది కిలోమీటర్లు ఉందనగా రిచీ పోర్ట్ చక్రం పంక్చరైంది. వేరే జట్టులో ఉన్న తోటి ఆస్ట్రేలియా వాడు సైమన్ క్లార్క్ ఆగి, తన ముందు చక్రం ఊడదీసి ఇచ్చాడు. ఎవరూ దాచలేదు, దాచాలని వారికి తోచనూ లేదు, ఫొటో కూడా బయటికి వచ్చింది. వేరే జట్టువాడి నుంచి సహాయం తీసుకోకూడదనే నియమం కింద ఇద్దరికీ చెరి రెండు నిమిషాలు కోత, 200 స్విస్ ఫ్రాంకుల జరిమానా వేశారు. నియమం ఉన్నమాట నిజం, ఆ నియమానికి కారణమూ ఉంది, జట్లు కుమ్మక్కైతే పందెమే పాడవుతుంది. కాని రోడ్డుమీద అందరి ముందు ఆగి, తన సమయం పోగొట్టుకుని, పక్కవాడికి చక్రం ఇచ్చినవాడి మీద అక్షరం తప్పకుండా పడిన నియమం, ఆగకుండా లాగించుకునేవాడి దగ్గర చూసీ చూడనట్టు పోవడం నాకు మింగుడుపడదు.

ఈ అసమానతకు పాత కథ ఒకటుంది, సైక్లింగు చదివేవాళ్ళకు పరిచయమైనదే. 1913 టూర్‌లో యూజీన్ క్రిస్టోఫ్ టూర్మలే కొండ దిగుతుండగా ముందు ఫోర్కు విరిగింది. సైకిలు భుజాన వేసుకుని, పది కిలోమీటర్లకు పైగా నడిచి, సాంత్ మరీ ద కాంపాన్ అనే పల్లెలోని కమ్మరి కొలిమికి చేరాడు. నియమం ప్రకారం మరమ్మతు తన చేతులతోనే చేసుకోవాలి. తాళాల పని తెలిసినవాడు కాబట్టి, అధికారులు చూస్తుండగా తానే ఇనుము కాల్చి అతికించుకున్నాడు. రెండు చేతులూ పనిలో ఉంటే కొలిమితిత్తి ఎవరు ఊదాలి? ఒక కుర్రవాడు ఊదాడు. అందుకు పది నిమిషాలు శిక్ష వేశారు, తర్వాత దాన్ని మూడుకు తగ్గించారు. అప్పటికే మూడు గంటలకు పైగా పోయిన మనిషికి ఆ నిమిషాలతో పనేముంది గనుక. ఆ కాఠిన్యం తిరిగి రావాలని నేను కోరను, అది న్యాయం పేరుతో జరిగిన క్రౌర్యం. కాని కొలిమితిత్తి దగ్గర మొదలైన ఆట, వందేళ్ళు తిరిగేసరికి కారు ఇంజనుతో లాగించుకోవడాన్ని సీటు సర్దుకోవడంగా రాసుకునే దాకా వచ్చింది.

నాకు మరింత వింతగా తోచే పోలిక మోటార్లది. 2016 జనవరిలో బెల్జియంలోని జోల్డర్‌లో, బురద నేలల్లో సాగే సైక్లోక్రాస్ ప్రపంచ పోటీల్లో ఫెమ్‌కె వాన్ డెన్ డ్రీష్ సైకిలు గొట్టంలో దాచిన మోటారు దొరికింది, ఆరేళ్ళ నిషేధం పడింది. అప్పటి నుంచి సైకిళ్ళను అయస్కాంత పరికరాలతోనూ, తర్వాత ఎక్స్-రేతోనూ పరీక్షిస్తున్నారు, మంచిదే. కాని ఆ పరీక్షల లెక్క ఒకసారి ఆలోచించండి: సైకిలు లోపల అరచేతిలో పట్టే మోటారు ఉంటే అది ఆటకు ద్రోహం, సైకిలు పక్కన రెండు వందల గుర్రాల బలమున్న మోటారు నడుస్తూ, మధ్యలో ఒక మనిషి చెయ్యి తాడులా ఉంటే అది సంప్రదాయం.

దీనికి వచ్చే జవాబులు నేను వినకపోలేదు. అన్నిటికంటే బలమైనది, పడి లేచినవాడి గురించినది. నెత్తురు కారుతూ, జెర్సీ చిరిగి, తన తప్పు లేకుండా పడిపోయినవాణ్ణి గుంపు దగ్గరికి చేర్చడానికి మెకానిక్కు కొన్ని సెకన్లు తోడుపడితే తప్పేమిటని అడుగుతారు. మనిషిగా నాకూ జాలే కలుగుతుంది. అలాంటివాడికి సాయం చేయాలనుకుంటే, కిందపడినవారికి ఇంత వెసులుబాటు అని నిబంధనగా రాయవచ్చు. ఆటలో అటువంటివి ఇప్పటికే ఉన్నాయి. టూర్‌లో సమతల దారుల్లో చివరి కొద్ది కిలోమీటర్లలో పడినవారికి ఆ గుంపు సమయమే ఇస్తారు. 2016లో మోన్ వాంటూ దారిలో జనం మధ్య ఆగిన మోటారుసైకిలును గుద్దుకుని, సైకిలు విరిగి, క్రిస్ ఫ్రూమ్ పసుపు జెర్సీతో కొండమీద పరుగెత్తిన రోజున కూడా న్యాయనిర్ణేతలు బహిరంగంగా నిర్ణయం చేసి, అతడితో పాటు గుద్దుకున్న మోలెమా సమయమే అతడికీ ఇచ్చారు. ఆ నిర్ణయాన్ని తప్పుపట్టినవాళ్ళు ఉన్నారు, కాని దానికి కారణం రాసి ఉంది, పేరు పెట్టి ప్రశ్నించవచ్చు. కిటికీలోంచి చేసే జాలికి లెక్కాపత్రం లేదు.

రెండో జవాబు కార్ల వెనక గాలి చాటున రావడం గురించి. పంక్చరైనవాడు జట్ల కార్ల వరుస వెంట ఒక్కో కారు చాటున దాగుతూ గుంపును అందుకుంటాడు, దానివల్ల దక్కే లాభం కొన్ని సెకన్ల లాగుడు కంటే చాలా ఎక్కువ, దాన్ని సహిస్తూ దీన్ని ఎందుకు తిట్టాలని అంటారు. లాభం ఎక్కువన్న మాట ఒప్పుకుంటాను. తేడా ఏమిటంటే, గాలి చాటున వచ్చేవాడు తొక్కుతున్నాడు, పైగా ఆ చాటు ఏ జట్టువాడికైనా ఏ కారు వెనకైనా దొరుకుతుంది. సొంత కారు పట్టు సొంతవాడికే. న్యాయనిర్ణేతల ప్రధాన కారు వరుస మొదట్లో ఉంటుంది కాబట్టి, ఎవరి కారు ఎంత వెనక ఉంటే అంత తక్కువ కళ్ళు అక్కడ ఉంటాయన్నది కూడా గుర్తుంచుకోవాలి. కొండల్లో కాలపరిమితి దాటిపోతామేమోనన్న భయంతో తోకన వచ్చే స్ప్రింటర్ల దగ్గర, అంటే సమతలంలో చివరి వేగపు పరుగుకే పేరుపడ్డవాళ్ళ దగ్గర, కెమెరా మోటారుసైకిళ్ళు అసలే అరుదు.

అక్కడే ఈ ఆచారం చేసే అసలు హాని కనిపిస్తుంది. ఫ్రాన్స్ స్ప్రింటరు ఆర్నో డెమారె సంగతి తీసుకోండి. 2016 మార్చిలో మిలాన్-సాన్ రెమో పోటీలో చీప్రెస్సా గుట్టకు ముందు పడి, తిరిగి అందుకుని, చివరికి గెలిచాడు. అతడు కారు పట్టుకుని గుట్ట ఎక్కాడని ఇద్దరు ఇటలీ సైక్లిస్టులు బహిరంగంగా అన్నారు. అతడు కాదన్నాడు, ఆధారం దొరకలేదు, గెలుపు నిలిచింది. 2018 టూర్‌లో కొండల్లో అతడు ఊహించినదానికంటే తక్కువ వెనకబడి వచ్చిన రోజున మరో స్ప్రింటరు ఆండ్రె గ్రైపెల్ అదే అనుమానం బయటపెట్టాడు. డెమారె తన తొక్కుడు వివరాలు బయటపెట్టాక గ్రైపెల్ క్షమాపణ చెప్పాడు. ఒక మనిషి తన జీవితంలో బాగా తొక్కిన రెండు రోజులకూ సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. ఆ అనుమానాన్ని పుట్టించింది గ్రైపెల్ దుర్బుద్ధి అని నేను అనుకోను. తోకన ఏం జరుగుతుందో తెలిసిన ప్రతివాడికీ, మిగతావారందరూ అదే చేస్తుంటారన్న నమ్మకం ముందే ఉంటుంది. తిలాపాపం తలా పిడికెడు పంచుకునే చోట, పంచుకోనివాడి చేతులు కూడా ఎవరికీ శుభ్రంగా కనిపించవు.

సంప్రదాయం అనే మూడో జవాబు గురించి ఎక్కువ చెప్పను. పాతకాలంలో పోటీల మధ్యలో తాగుడుకు ఆగడమూ సంప్రదాయమే.

చేయవలసిందల్లా కొత్తగా నియమం రాయడం కాదు, ఉన్నదాన్ని అమలు చేయడం. 2018 నుంచి పెద్ద పోటీల్లో వీడియో చూసే న్యాయనిర్ణేత ఒకరు ఉంటున్నారు. 2025 నుంచి పసుపు కార్డుల పద్ధతి పూర్తిగా అమల్లోకి వచ్చింది, ఒకే పోటీలో రెండు పడితే బయటికి పోవాలి, ఆ కార్డులు సైక్లిస్టులకే కాక డైరెక్టర్లకూ, వాహనాలు నడిపేవారికీ కూడా వర్తిస్తాయి. నడిచే కారులోంచి సైకిలుమీద చెయ్యి పడితే, ఆ చేతిలో ఏమున్నా లేకపోయినా, మొదటి కార్డు కారు నడిపేవాడికి ఇవ్వాలని నేను అంటాను. సైక్లిస్టు ఊపిరి అందని స్థితిలో ఏది దొరికితే అది పట్టుకుంటాడు, ట్రాక్టరు వెనక మేము పట్టుకున్నట్టే. స్టీరింగు ముందు కూర్చున్నవాడికి ఊపిరి బాగానే ఆడుతూ ఉంటుంది, వేగం పెంచాలా తగ్గించాలా అన్నది అతడి కాలిమీద ఉంటుంది. తోకన ఉన్న కార్లమీద కళ్ళు చాలవన్న ఇబ్బంది నిజమే, ప్రతి జట్టు కారు లోపలా వెనక కిటికీ వైపు చూసే చిన్న కెమెరా పెట్టించడం, ఇన్ని కోట్లు తిరిగే ఆటలో భారమేమీ కాదు.

ఇలా చేస్తే పోటీదారులకు కష్టమవుతుందనేవారికి 2017లో మావిక్ చేసిన పనిని గుర్తుచేస్తాను. ఏ జట్టుకూ చెందని సహాయక కార్లను 1973 పారిస్-నీస్ నుంచి పసుపు రంగులో నడిపిన సంస్థ అది, 2021 నుంచి టూర్‌లో ఆ పని షిమానో నీలం కార్లు చేస్తున్నాయి. వాంటూమీద ఫ్రూమ్‌కు అందించిన పసుపు సైకిలు అతడికి చిన్నదై, పెడళ్ళు అతడి బూట్లకు కుదరక, తొక్కలేక వదిలేసిన సంగతి అందరూ నవ్వుతూ చూశారు. మరుసటి ఏడాది మావిక్ మూడు రకాల పెడళ్ళున్న సైకిళ్ళతోనూ, మీట నొక్కితే ఎత్తు మారే సీటు గొట్టాలతోనూ వచ్చింది. ఆ సైకిలు ఎక్కినవాడు, వెంట ఏ కారూ లేకుండా, తొక్కుతూనే తన సీటు తానే సరిచేసుకోవచ్చు.